హెరాల్డ్ చాసిస్‌కి ప్లేట్లు కొట్టించాలా, వద్దా?

హెరాల్డ్ విజీనారం (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి కారు గురించి అడుగుతున్నాను. 1969 స్టాండర్డ్ హెరాల్డ్ మార్క్ 3, నాలుగు డోర్లది, 948 సీసీ. ఇంజన్ బంగారం, బాధంతా కింద, చాసిస్‌లో (బాడీని మోసే ఇనప ఫ్రేములో) ఉంది. ఎడమ పక్క వెనక డోరుకి పైన వేలు దూరేంత సందు, కింద మాత్రం రేకు రేకుని రాసుకుంటోంది. గతుకులో పడితే డ్యాష్‌బోర్డు వైపు నుంచి కిర్రుమంటుంది. మొన్న మూడు లాంతర్ల సెంటర్ దగ్గర గట్టిగా బ్రేకు వేస్తే ఆ డోరు దానంతటదే తెరుచుకుంది. వెనక కూర్చున్న మా పిన్ని ఇక ఈ కారెక్కనని తేల్చి చెప్పేసింది.

ఒక షెడ్డులో చూపిస్తే, "చాసిస్ వీకైపోయింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు వైపులా 5 ఎం.ఎం. ఫ్లాట్ (ఇనప పట్టీ) కొట్టి, మధ్యలో రెండు అడ్డ చానళ్లు వేస్తే జన్మలో కదలదు" అన్నారు. ఇంకో టింకరింగ్ ఆయన "అంత అక్కర్లేదు, హింజీలు సర్దితే సరిపోతుంది" అన్నారు. ఇద్దరి మాటా వినేసరికి నాకు టెన్షన్ పెరిగింది. సిరిమాను పండగ నాటికి బండి రోడ్డెక్కించాలని ఉంది. ఏం చేయమంటారు?

సెంటర్‌బోల్ట్ (సాలూరు)

తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏటుంది? ప్లేటు కొట్టించు. మా ఊళ్లో లారీలకి చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఘాట్ ఎక్కీ దిగీ చాసిస్ బీటలిస్తే లోపల చానల్‌లో చానల్ దింపి బోల్టులు బిగిస్తారు, పదేళ్లు తిరుగుతుంది. నీది మహా అయితే 800 కిలోల బండి. దానికేం భయం?

మట్టం మాస్టారు (శ్రీకాకుళం)

ఆగండి బాబూ. రోగం తెలియకుండా మందు రాయొద్దు. ముందు మూడు విషయాలు చెప్పండి.

ఒకటి, జాకీ ఎత్తినప్పుడు డోరు సందు మారుతోందా? రెండు, కారు కింద దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఎక్కడెక్కడ దిగుతోంది? మూడు, ఫ్రేముకి మూలకొలత తీశారా? మూడోదానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. సిమెంటు గచ్చు మీద బండి నిలబెట్టి, ఫ్రేము మీద రెండు పక్కలా ఒకేలా ఉండే బోల్టు రంధ్రాలు చూసుకుని, మేస్త్రి వాడే తూకం గుండు వేలాడదీసి, కింద చాక్‌పీస్‌తో చుక్కలు పెట్టండి. బండి పక్కకి తోసేసి చుక్కల మధ్య ఐమూల కొలతలు రెండూ పోల్చండి. 3 మి.మీ. లోపు తేడాను నేను పట్టించుకోను. 10 దాటితే బండి ఎప్పుడో దెబ్బ తిన్నట్టే. వంకర ఫ్రేముకి ప్లేటు కొడితే ఆ వంకర శాశ్వతమైపోతుంది.

హెరాల్డ్ ఫ్రేము గురించి కూడా కొంచెం చెప్పాలి. 1959లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ కంపెనీ ఈ కారు (మన స్టాండర్డ్ హెరాల్డ్‌కి మూలం) తెచ్చేనాటికి చాలా కంపెనీలు బాడీయే ఫ్రేముగా ఉండే మోనోకాక్ పద్ధతికి మారిపోయాయి. వీళ్లు మాత్రం విడి చాసిస్‌తోనే చేశారు. రెండు ప్రధాన రైళ్లు (పొడవాటి ఇనప దూలాలు) నడుమ దగ్గరకొచ్చి మళ్లీ విచ్చుకుంటాయి. వాటి నుంచి పక్కలకి చేతుల్లా అవుట్‌రిగ్గర్లు వస్తాయి. ఆ చేతుల చివర్లను కలుపుతూ బయటి సైడ్ రైళ్లు. బాడీని ముక్కలుగా తెచ్చి వీటి మీద బోల్టులతో కూర్చోబెడతారు. డోర్ల కింద కనిపించే సిల్ రేకులు అందానికే, బరువు మోయవు. 1962లో ఇదే ఫ్రేమును పొట్టి చేసి స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టినప్పుడు బయటి సైడ్ రైళ్లు తీసేసి ఆ పని సిల్స్‌కి అప్పజెప్పారు. మీ కారులో ఆ పని ఇంకా సైడ్ రైళ్లదీ అవుట్‌రిగ్గర్లదే. అందుకని డోరు సందు మారిందంటే నా అనుమానం ముందు వాటి మీదికే పోతుంది.

హెరాల్డ్ విజీనారం

మాస్టారూ, ఆదివారం మొత్తం దీనికే పెట్టాను. ఐమూలల తేడా 2 మి.మీ. మాత్రమే, హమ్మయ్య. ఎడమ వైపు జాకీ ఎత్తితే వెనక డోరు అసలు తెరుచుకోవట్లేదు, దింపగానే వస్తోంది. స్క్రూడ్రైవర్ సంగతి చెప్పాలంటే భయమేస్తోంది. ఎడమ వెనక అవుట్‌రిగ్గర్‌లోకి పిడి దాకా దిగింది. ఎడమ సైడ్ రైల్ కింది ముఖం జానెడు పొడవున జల్లెడ. కుడి వైపు కొంచెం నయం. నడుమ ఉన్న ప్రధాన రైళ్లు సుత్తితో కొడితే గణగణ మోగుతున్నాయి, ఎక్కడా మెత్తదనం లేదు.

ఇంకో సంగతి. ఎడమ అవుట్‌రిగ్గర్ మీద పాత రేకు అతుకు ఉంది. గ్రైండర్ పెడితే లోపల అసలు లోహం లేదు, పుట్టీ, దాని మీద అండర్‌కోటింగ్. నాన్నగారి రోజుల్లో ఎవరో చేసిన పని.

మట్టం మాస్టారు

అయితే మీ చాసిస్ వీకవ్వలేదు, మీ చాసిస్‌లో కొంత లేదు. ఈ రెండూ వేరు. లేని చోట లోహం తిరిగి పెట్టడం మొదటి పని. ఉన్న చోట ఇంకో ప్లేటు పెట్టడం గురించి తర్వాత ఆలోచిద్దాం.

షెడ్డులో చెప్పిన లెక్కే చూడండి. 75 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఫ్లాట్ మీటరుకి దాదాపు 3 కిలోలు. రెండు రైళ్లకి రెండేసి వైపులా మూడు మీటర్ల చొప్పున కొడితే 35 కిలోలు. అదంతా బాగున్న రైళ్ల మీద పడుతుంది. డోరును మోసే అవుట్‌రిగ్గర్ పుట్టీతోనే మిగిలిపోతుంది.

జీపు పాచిపెంట (పాచిపెంట)

మాస్టారి మాటకి నా దగ్గర సాక్ష్యం ఉంది. నా దగ్గరున్నది సీజే 3బీ జీపు, 80 అంగుళాల వీల్‌బేస్. పాత ఓనరు పెట్రోల్ హరికేన్ ఇంజన్ తీసేసి డీజిల్ దింపించాడు. ఆ బరువుకీ అదురుకీ చాసిస్ ఆగదని ఇంజన్ కింద రెండు పక్కలా మందపాటి ప్లేటు వేయించాడు. ప్లేటు చివర నిటారుగా కోసేసి, అంచు పొడవునా పై నుంచి కింద దాకా వెల్డింగ్. నేను కొన్నాక ఘాట్‌లో తిరుగుతుంటే సరిగ్గా ఆ ప్లేటు ఆగిపోయిన గీత మీదే రైలు బీటలిచ్చింది. ప్లేటు ఉన్న చోట ఏమీ కాలేదు, దాని పక్కనే పోయింది.

సెంటర్‌బోల్ట్

అది ప్లేటు తప్పు కాదు బావా, కోసినోడి తప్పు. మా వాళ్లు చివర నిటారుగా ఎప్పుడూ కోయరు. ఏటవాలుగా తీస్తారు, లేదా చేప తోకలా చీలుస్తారు. చానల్ పై అంచుకీ కింది అంచుకీ అడ్డంగా వెల్డింగ్ పెట్టరు, రంధ్రం కూడా వేయరు. బరువంతా ఆ రెండు అంచుల మీదే ఉంటుంది కదా. రంధ్రం వేస్తే నడుమ ముఖంలోనే.

మట్టం మాస్టారు

సెంటర్‌బోల్ట్ గారు నూటికి నూరు పాళ్లు నిజం చెప్పారు. ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పేదీ ఇదే. బిగువు ఉన్నట్టుండి మారిన చోట ఒత్తిడి పోగవుతుంది. మెత్తగా వంగుతున్న రైలు గట్టి ప్లేటు దగ్గరకు వచ్చేసరికి వంగలేక ఆ గీత దగ్గర అలసిపోతుంది. ఏటవాలుగా కోస్తే ఆ మార్పు ఒక్క గీత మీద కాకుండా కొంత దూరం మీద పరుచుకుంటుంది.

ఇప్పుడు జీపు గారి విషయం. మీ రైలు సీ ఆకారపు తెరిచిన చానల్. దాన్ని బలపరచాలంటే మందం పెంచడం కన్నా తెరిచిన వైపు మూయడం మేలు. పచ్చి వెదురు బొంగును మెలిపెట్టి చూడండి, చేతికి లొంగదు. పొడవునా ఒక్క చీలిక పెట్టి మళ్లీ మెలిపెట్టండి, ఇట్టే తిరుగుతుంది. బొంగులో పదార్థం ఏమీ తగ్గలేదు, చుట్టు తెగిందంతే.

అంకెల్లో చెబుతాను. 100 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. అంచులు, 3 మి.మీ. మందం ఉన్న సీ చానల్ తీసుకోండి. నాలుగో వైపు అదే 3 మి.మీ. రేకుతో మూసేస్తే, మెలికను తట్టుకునే గుణం కాగితం మీద దాదాపు 500 రెట్లు అవుతుంది. నిలువుగా వంగకుండా ఉండే గుణం మాత్రం పావు వంతు కూడా పెరగదు. కాబట్టి బండి నడుమ కుంగుతోందని బాక్స్ చేయించేవాళ్లకి పెద్దగా ఒరిగేది ఏమీ లేదు. గతుకుల్లో బాడీ మెలితిరుగుతోందనుకునేవాళ్లకి బాగా పనిచేస్తుంది. అయితే ఒక్క రైలు 500 రెట్లయినా మొత్తం ఫ్రేము అంత కాదు, అడ్డ చానళ్లూ రివెట్ల జాయింట్లూ మధ్యలో ఉన్నాయి కదా.

హెరాల్డ్ ప్రధాన రైళ్లు పుట్టుకతోనే మూసిన బాక్సులు. ఆ లాభం ట్రయంఫ్ వాళ్లు మీకు ముందే ఇచ్చేశారు. దాని మీద ఫ్లాట్ కొడితే వచ్చేది ఎక్కువగా బరువే.

సెంటర్‌బోల్ట్

మరి లారీ చాసిస్‌ని ఎందుకు మూయరు మాస్టారూ? కంపెనీకి తెలియదా?

మట్టం మాస్టారు

తెలిసే మూయరు. లారీ ఫ్రేము కొంత మెలితిరగాలి. లేకపోతే ఎగుడుదిగుడు నేల మీద ఒక చక్రం గాలిలో ఉండిపోతుంది. అంత గట్టి కమాన్ కట్టలతో చక్రం ఒక్కటే కదలడం కష్టం, ఫ్రేము కూడా సహకరించాలి. పైగా బోల్టులు, రివెట్లు వేయడానికీ, వైర్లు లాగడానికీ, తుప్పు చూడటానికీ తెరిచిన చానల్ సులువు. కారులో లెక్క వేరు. అక్కడ చక్రం కదలాలి, బాడీ కదలకూడదు.

ఉప్పుగాలి (కళింగపట్నం)

మాస్టారి లెక్కల్లోకి రాని శత్రువు ఒకడున్నాడు. మా వైపు సముద్రపు గాలికి మూసిన బాక్సు లోపలి నుంచి తింటుంది. బయట పెయింటు నిగనిగలాడుతుంటుంది, లోపల రేకు బిస్కెట్టు. తెరిచిన చానల్ అయితే కనీసం కంటికి కనిపిస్తుంది. అందుకే బాక్స్ చేయించేవాళ్లు ఎవరైనా సరే, కింది ముఖంలో నీరు పోయే రంధ్రాలు తప్పకుండా వదలండి. 10, 12 మి.మీ. చాలు, ఒక్కో గదికి అతి పల్లపు చోట ఒకటి. బండిలో పాత రంధ్రాలు ఉంటే వాటిని వెల్డింగ్‌తో మూసేయకండి, అవి కంపెనీ కావాలని పెట్టినవి.

పని అయ్యాక లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) పొడవాటి గొట్టంతో కొట్టించండి. కొందరు కాలిన ఇంజన్ ఆయిల్ పోస్తారు. చవకే గాని, రబ్బరు బుష్‌ల మీదికి కారి వాటిని ఉబ్బించేస్తుంది, తర్వాత వెల్డింగ్ పెట్టాల్సి వస్తే పొగ, మంట. నాకది నచ్చదు.

పలాస జీడిపప్పు (పలాస)

తిత్లీ తుపానప్పుడు మా షెడ్డు రేకులు ఎగిరిపోయి నా పద్మిని కారు వారాల తరబడి నానింది. కాబట్టి ఉప్పుగాలి గారి మాటకి నా ఓటు. మధ్యలో ఒక ప్రశ్న: పద్మినికీ అంబాసిడర్‌కీ ఇలా చాసిస్ గట్టి చేయించొచ్చా?

మట్టం మాస్టారు

వాటికి విడి చాసిస్ ఉండదండి, రెండూ మోనోకాక్‌లే. అక్కడ ఫ్లోర్, సిల్స్, స్తంభాలే ఎముకలు. అంబాసిడర్ కొనేవాళ్లు ముందు సీట్ల కింద ఉండే అడ్డ మెంబరు తప్పకుండా చూడండి. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్ల (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీల) వెనక చివర్లు అక్కడే పట్టుకుని ఉంటాయి. అది తుప్పు పడితే ఫ్లోరు మీద ఎంత మందం రేకు వేసినా లాభం లేదు. మిగతాది వేరే చర్చలో అడగండి, ఇక్కడ హెరాల్డ్ గారి పిన్ని గారు ఎదురుచూస్తున్నారు.

కాగితాల బావ (విజయనగరం)

అందరూ రేకులు, రాడ్లు అంటున్నారు, ఆర్సీ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మూల రూపంలోనే ఉన్న బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకుంటే 5,000. ఇందులో మెలిక ఏమిటంటే చాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో మార్పు చేస్తే అది మూల రూపం కిందికి రాదు. హెరాల్డ్ గారి బండి వయసు ప్రకారం అర్హత ఉన్నదే. ఆ రెండు అడ్డ చానళ్లు వేశారనుకోండి, రేపు వింటేజ్ అని అడిగే నోరు పోతుంది.

మామూలు ఆర్సీతోనే తిప్పినా, మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019లో ఇదే గట్టిగా చెప్పింది. తుప్పు పట్టిన ముక్క తీసి అదే ఆకారంలో, అదే మందంలో కొత్త ముక్క పెట్టడం మరమ్మతు. లేని కమ్మీ కలపడం మార్పు. నేనైతే పని మొదలుపెట్టక ముందు, మధ్యలో, అయ్యాక ఫోటోలు తీసి పెట్టుకుంటాను, ఎంవీఐ (రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు) గారిని ముందే కలిసి అడుగుతాను. చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టనివ్వకండి, అది మాత్రం మరిచిపోవద్దు.

హెరాల్డ్ విజీనారం

కాగితాల బావ గారూ, వింటేజ్ నంబరు తీసుకుంటే రోజూ తిప్పుకోవచ్చా?

కాగితాల బావ

లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, ఇలాంటి వాటికే. పిన్ని గారిని గుడికి తీసుకెళ్లాలంటే మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకుంటూ ఉండండి.

బొబ్బిలి ఫ్యాబ్రికేషన్ (బొబ్బిలి)

మా ఆయనా నేనూ షెడ్డు నడుపుతాం. లెక్కలు, రోస్టర్ నావి, వెల్డింగ్ కూడా నాకు వచ్చు. ఈ పని ఎవరితో చేయించినా ఇవి చూసుకోండి.

అసలు రేకు మందం తుప్పు లేని చోట వెర్నియర్‌తో కొలిచి అంతే మందం కొనండి. ఒక గేజి ఎక్కువ పర్లేదు. పల్చటి పాత రేకుకి 5 ఎం.ఎం. ప్లేటు అతికిస్తే, ప్లేటు కాలేలోపు రేకు కరిగి రంధ్రం పడుతుంది. మామూలు రాడ్ వెల్డింగ్‌తో ఈ రేకు మీద కష్టం. సీఓటూ వెల్డింగ్ (గ్యాసుతో చేసే వైరు వెల్డింగ్), 0.8 మి.మీ. వైరు పెట్టించండి. ఒకే బిగిన పొడవునా లాగనివ్వకండి. అంగుళం ఇక్కడ, అంగుళం అవతలి చివర, మళ్లీ మధ్యలో, అలా చుక్కలు కలుపుతూ రావాలి. తొందరపడి నీళ్లు చల్లి చల్లార్చకూడదు. వేడికి లోహం లాగుతుంది, కాబట్టి కొలతలు ఎంత బాగా తీసినా వెల్డర్ అసహనంతో ఉంటే ఫ్రేము వంకరపోతుంది.

బాడీ ఎత్తేయాలా అని అడుగుతారు. మీ బండికి వద్దు. బాడీ బోల్టులతో ఉండగానే ఒక్కో అవుట్‌రిగ్గర్ మార్చండి. బాడీయే జిగ్ (కొలత తప్పకుండా పట్టే చట్రం) లాగా పట్టుకుని ఉంటుంది. ముందు డోరు సందు సరిగ్గా వచ్చేలా కింద స్టాండ్లతో లేపి, డోరు గుమ్మంలో అడ్డంగా యాంగిల్ బిగించి, అప్పుడు పాతది కోయాలి. రెండు పక్కలా ఒకేసారి కోస్తామంటే ఒప్పుకోకండి. బ్యాటరీ తీసేయాలి. బూట్‌లోని పెట్రోలు ట్యాంకు దించి బయట పెట్టాలి, ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం. ఫ్రేము వెంట వెళ్లే బ్రేకు పైపు, వైర్లు విప్పి పక్కకి కట్టాలి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే పెట్టాలి.

సెంటర్‌బోల్ట్

ఈ అమ్మ చెప్పిన విధానం బాగుంది. అయినా నాకు ఒక అనుమానం పోలేదు. అవుట్‌రిగ్గర్ మార్చాక కూడా కిర్రుమంటే?

మట్టం మాస్టారు

అందుకే ముందూ తర్వాతా కొలవాలి. ఒక సిమెంటు బస్తాతో అయిపోతుంది. వెనక వైపు ఫ్రేమును రెండు పక్కలా గట్టి స్టాండ్ల మీద కట్టేయండి. ముందు అడ్డ మెంబరు సరిగ్గా నడుమ ఒకే గుండ్రటి ముక్క మీద ఆనించండి, బండి అటూ ఇటూ ఊగడానికి వీలుగా. ముందు భాగానికి అడ్డంగా ఒక గర్డరు బిగించి, నడుమ నుంచి ఒక మీటరు దూరంలో 50 కిలోల బస్తా వేలాడదీయండి. అది 490 న్యూటన్ మీటర్ల మెలిక. కింద ఎవరూ దూరకూడదు, చెయిన్ తప్పనిసరి.

ఇప్పుడు ముందు రెండు రైళ్ల దగ్గరా స్కేలు పెట్టి ఎంత లేచిందీ ఎంత దిగిందీ రాసుకోండి. వెనక స్టాండ్ల దగ్గర కూడా కొలిచి అక్కడి కదలిక తీసేయండి. ఉదాహరణకి కొలిచిన చోట్ల మధ్య దూరం 700 మి.మీ., ఎత్తుల తేడా 6 మి.మీ. వచ్చిందనుకుందాం. అంటే దాదాపు అర డిగ్రీ. డిగ్రీకి సుమారు 1,000 న్యూటన్ మీటర్లు. రేకు మార్చాక ఇదే బస్తాతో ఇదే చోట మళ్లీ కొలవండి. తేడా తగ్గితే పని జరిగింది. తగ్గకపోతే కిర్రు మరో చోట ఉంది. బాడీకీ ఫ్రేముకీ మధ్య ఉండే ప్యాడ్లు చచ్చిపోయినా ఇలాగే అరుస్తుంది. ప్లేట్ల ఖర్చు కన్నా ఆ ప్యాడ్ల ఖర్చు చాలా తక్కువ.

జీపు పాచిపెంట

మాస్టారూ, మరి నా జీపు? మూయించమంటారా?

మట్టం మాస్టారు

ముందు బీటకి రెండు చివర్లా చిన్న రంధ్రం వేసి అది పాకకుండా ఆపండి, వీ ఆకారంలో గ్రైండ్ చేసి లోపలి దాకా వెల్డింగ్ నింపించండి. ఆ నిటారు ప్లేటు తీయించేయాలి. తర్వాత ఇంజన్ మౌంట్ల నుంచి గేర్‌బాక్స్ కింది అడ్డ మెంబరు దాటే దాకా తెరిచిన వైపు మూయించి, చివర్లు ఏటవాలుగా దించండి. మొత్తం పొడవు మూయనక్కర్లేదు. కాగితాల బావ గారి హెచ్చరిక మీకూ వర్తిస్తుంది. ఇంజన్ మార్పు ఆర్సీలో ఎక్కిందో లేదో కూడా చూసుకోండి.

హెరాల్డ్ విజీనారం

అందరికీ అప్‌డేట్. బస్తా పరీక్ష చేశాం, వీధి వీధంతా చూడటానికి వచ్చింది. తర్వాత ఎడమ వెనక అవుట్‌రిగ్గర్, సైడ్ రైల్ కింది ముఖం పాతవి కోసి అదే మందంలో కొత్తవి పెట్టించాం, బాడీ ఎత్తకుండానే. మళ్లీ బస్తా వేలాడదీస్తే తేడా కంటికి తెలిసేంత తగ్గింది. జాకీ మీద ఉన్నా వెనక డోరు ఇప్పుడు తెరుచుకుంటోంది. కిర్రు మాత్రం సగమే పోయింది. ప్యాడ్లు చూస్తే రాయిలా గట్టిపడి ఉన్నాయి, అవి మార్చాలి. ప్లేట్లు, అడ్డ చానళ్లు వద్దనుకున్నాను.

సెంటర్‌బోల్ట్

సరే, ఈసారికి ప్లేటు ఓడింది. కుడి వైపు ఎప్పుడు కోస్తావు?

హెరాల్డ్ విజీనారం

పండగ అయ్యాకే అన్నా. కుడి పక్క ఇంకా బరువు మోస్తోంది, బోల్టులు పట్టే ఉన్నాయి. ఈలోపు లోపలికి వ్యాక్స్ కొట్టించి ఆపుతాను. ప్యాడ్లకి ఏ రబ్బరు వాడాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కన్వేయర్ బెల్టు ముక్కలు కోసి వేస్తామంటున్నారు ఇక్కడ.

బొబ్బిలి ఫ్యాబ్రికేషన్

బెల్టు ముక్కే వేయండి, లోపల గుడ్డ పొర ఉంటుంది కాబట్టి నలగదు. పాత ప్యాడ్ ఎంత మందం ఉందో ఒక్కోచోటా విడిగా కొలిచి రాసుకోండి, అన్నీ ఒకే మందం ఉండవు. ఎక్కడైనా సన్న రేకు షిమ్ములు కనిపిస్తే పారేయకుండా అదే చోట తిరిగి పెట్టించండి, డోరు సందు వాటితోనే సర్దుతారు.